కంచరివాడ కుళాయి

ఖోల్మత్ తన జీవితంలో చేసిన బేరాలన్నిటిలోకీ కష్టమైనది కుళాయి బేరం. గొర్రెను కొనేటప్పుడు అమ్మేవాడి కళ్ళలోకి చూస్తే చాలు, ఎంతదాకా దిగుతాడో తెలిసిపోతుంది. ఇంజనీరమ్మ కళ్ళల్లో అలాంటి జాడేమీ ఉండదు. ఆవిడ కజాన్ నుంచి వచ్చిన తతారు పిల్ల, పేరు మఫ్తూహా. ఇక్కడి భాష మాట్లాడుతుంది కానీ పుస్తకంలోంచి చదివినట్టు మాట్లాడుతుంది. కోట గుమ్మం దగ్గర ఇనుప కాళ్ళ మీద నీళ్ళ బురుజు కట్టించింది ఆవిడే. గొట్టాలు మాత్రం ఊరంతటికీ సరిపడా రాలేదు. ఆసుపత్రికీ, బజారుకీ వేయగా ఆ ఏటికి మిగిలినవి ఇంకొక్క వాడకే సరిపోతాయి. అవి కంచరివాడకా, జీనులు కుట్టేవాళ్ళ వాడకా అన్నది ఆవిడ ఇంకా తేల్చలేదు.

ఖోల్మత్ చాయ్‌ఖానా రాతి మెట్ల కోనేరు లాంటి కంచరివాడ హౌజు గట్టు మీద ఉంది. తను ముందు ఏం పెట్టగలడో చూసుకుని వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మా వాడలో నేల మెత్తనమ్మా, తవ్వకం సులువు. జీనులవాడలో పార వేస్తే పాత గోడలు తగుల్తాయి. మీ కూలీలకు మా మల్బరీ చెట్ల నీడ ఉంది. పని అయినన్నాళ్ళూ మధ్యాహ్నం వేడి వేడి షూర్పా నా పొయ్యి మీదిదే. మాంసం ముక్క తగలని గిన్నె ఉండదు."

"దీనివలన మీకు కలిగే లాభం ఏమిటి?" అందావిడ.

ఖోల్మత్ దగ్గర ఆ ప్రశ్నకు చాలా జవాబులున్నాయి. వాడ మేలు, ఊరి పేరు, కొత్త కాలం. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఎందుకోగానీ వాటిల్లో ఒక్కటీ ఆవిడ దగ్గర చెల్లేలా కనపడలేదు.

"మా ఆవిడ కాలు," అన్నాడు.

మఫ్తూహా అతని వంక చూసింది. "సరే," అంది. సరుకంతా పరిచినప్పుడు కుదరని బేరం, మూలన దాచుకున్న ఒక్క మాటతో కుదిరింది. అది ఖోల్మత్‌కు కొంచెం చిన్నతనంగా అనిపించింది కూడా.

కాలంటే ఏమిటో చిల్‌హౌజు ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. వేసవి ముదిరేసరికి ఊళ్ళో సగంమంది కుంటుతారు. చీలమండ దగ్గర బొబ్బ లేస్తుంది. అది పగిలి, తెల్లటి దారం లాంటి పురుగు తల బయటపెడుతుంది. నారికురుపు. మంగలి వచ్చి దాన్ని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా లాగుతాడు. తొందరపడి తెంపితే కాలు వాచి మనిషి మంచం పడతాడు. ఖోల్మత్ భార్య అన్బర్‌కు ఈ పీడ ఏటేటా తప్పడం లేదు. నిరుడు మంగలి చెయ్యి జారింది. శీతాకాలం వచ్చేదాకా ఆమె గుమ్మం దాటలేదు. ఇంకోసారి అలా జరిగితే కాలు దక్కదని మంగలే అన్నాడు. పురుగుకు పుట్టిల్లు హౌజు నీళ్ళేనని ఇంజనీరమ్మ వచ్చిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. ఖోల్మత్ ఆ మాట నమ్మాడో లేదో అతనికే తెలియదు. నమ్మితే పోయేదేమీ లేదు, నమ్మకపోతే పోయేది అన్బర్ కాలు. అంతవరకూ లెక్క తేలిక.

ఊరి పేరుకు నలభై హౌజులని అర్థం. నిజంగా నలభై ఉన్నాయో లేదో లెక్కపెట్టినవాడు లేడు. అమీర్ల కాలం నుంచీ ఊరి నీళ్ళ ఏర్పాటు ఒక్కటే. కాలువ నీళ్ళు వాడకింత అని వంతుల మీద వస్తాయి. వంతు వచ్చిన రోజున వాడంతా కాలువ మీదే ఉంటుంది. పై వాడవాళ్ళు అడ్డుకట్ట వేయకుండా కర్రలతో కాపలా కాస్తుంది. వంతు ఉన్నంతసేపు ఎంత పట్టుకుంటే అంత. వచ్చే నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉంటాయి. హౌజులో పడి, చెట్ల నీడన నిలిచి, మట్టి అడుక్కి దిగి తేటపడాలి. దాన్నే నీళ్ళు పండటం అంటారు. పండాక తిత్తివాళ్ళు రాతి మెట్లు దిగి తోలుతిత్తులు నింపుకుని ఇంటింటికీ పోస్తారు.

కంచరివాడ తిత్తివాడు సఫర్. వాళ్ళ నాన్నా తిత్తివాడే. తడి తిత్తి మోసీ మోసీ సఫర్ ఒక పక్కకు వంగిపోయాడు. మంచు కురిసే రోజుల్లో కూడా అతని కోటు వీపు తడిగానే ఉంటుంది. అమీరు పారిపోయిన ఏడు కాలువ ఎండిపోతే, గాడిదను కట్టుకుని ఎక్కడో ఎడారి బావుల నుంచి నీళ్ళు తెచ్చి, ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే కొలతన పోశాడు. ఆ ఏడు నుంచీ నీళ్ళ విషయంలో వాడకు సఫర్ మాటంటే మాటే. పొద్దున్నే మొదటి తిత్తి ఖోల్మత్ చాయ్ కాచే సమోవారులోకి వస్తుంది. ఆ తర్వాత రోజంతా సఫర్ ఎప్పుడు వచ్చి కూర్చున్నా చాయ్ కూజా అతని ముందుకు వస్తుంది. నీళ్ళెన్ని, చాయ్ ఎంత అని ఇద్దరూ ఎన్నడూ చూసుకోలేదు. ఖోల్మత్ లెక్క చూడనిది ఈ లోకంలో అదొక్కటే.

మల్బరీ పళ్ళు రాలే రోజుల్లో కుళాయి వచ్చింది. చాయ్‌ఖానా ఎదురుగా, హౌజు గట్టుకు ఇవతల, నడుమెత్తు ఇనుప స్తంభం. ఎర్ర గుడ్డ కట్టారు, బూర ఊదారు. నగర సంఘం నుంచి వచ్చిన పెద్దమనిషి ఉపన్యాసం ఇచ్చి, గ్లాసు నింపుకుని అందరికన్నా ముందు తనే తాగేశాడు. వాడవాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. బండి మలుపు తిరగ్గానే అందరూ వచ్చి కుళాయి కింద చేతులు కడుక్కున్నారు, ముఖాలు కడుక్కున్నారు, ఒకాయన గాడిదను కూడా కడిగాడు. తాగడానికి మాత్రం సఫర్ హౌజులోంచి తెచ్చేదాకా ఆగారు.

"పచ్చి నీళ్ళు," అని తీర్పు చెప్పింది ఓయ్‌దిన్ అవ్వ. వాడలో అందరికన్నా పెద్దది ఆవిడే. "పొద్దున భూమిలోంచి లాగి, మధ్యాహ్నం తాగమంటారు. ఒక పూట నిలవలేదు, నీడ చూడలేదు. కడుపులో ఏమవుతుంది?"

"ఏం చేద్దామంటావు అవ్వా?" అన్నారు కంచరులు.

"కాలువ నీళ్ళను ఏం చేస్తాం? దీన్నీ అదే చెయ్యండి."

శుక్రవారం నమాజు కాగానే వాడంతా పారలు పట్టుకుని వచ్చింది. కుళాయి కింది నుంచి హౌజు దాకా చక్కటి పిల్లకాలువ తవ్వారు, అంచులకు ఇటుకలు పేర్చారు. ఎవరో అందులో ఒక కప్పను కూడా తెచ్చి వదిలారు, నీళ్ళకు కళ వస్తుందని. ఆనక మర తిప్పి వదిలేశారు. బురుజు నీళ్ళు గలగలమంటూ హౌజులోకి దిగాయి. అందరూ తవ్వినందుకు ఖోల్మత్ పలావు పెట్టవలసి వచ్చింది. బియ్యం కడుగుతుంటే అతని ప్రాణం ఉసూరుమంది. కష్టపడి తెచ్చుకున్న సరుకు తిన్నగా పోయి పాత సరుకులో కలుస్తోంది.

తను వెళ్ళి మర కట్టేస్తే, వెనక్కి తిరిగేలోపు ఎవరో ఒకరు విప్పుతున్నారు. "మన వంతు అయిపోకముందే పట్టుకోవద్దూ?" అంటారు. చివరికి ఓయ్‌దిన్ అవ్వ ఉన్ని నమదా తెచ్చి కుళాయి పక్కనే పరుచుకుని, దూది వడుక్కుంటూ కాపలా కూచుంది. హౌజు నిండి, పొర్లి, వెనక తోటల్లోకి పారింది. ఆప్రికాట్ చెట్లు ఏ ఏడూ లేనంత పచ్చగా నవనవలాడాయి.

రెండో వారం ఇంజనీరమ్మ వచ్చింది. చేతిలో పొడుగాటి పానా ఉంది, ముఖం ఎండకు కందిపోయి ఉంది.

"నిన్న పట్టపగలే బురుజు ఖాళీ అయింది," అంది ఖోల్మత్‌తో. "ఆసుపత్రిలో చేతులు కడుక్కొనుటకు కూడా నీరు లేదు. ఎక్కడికి పోవుచున్నదని ఊరంతా వెతికాను. ఇదుగో, మీ చెరువులోకి."

"నేను కట్టేస్తూనే ఉన్నానమ్మా."

"కాస్త కూర్చోవే అమ్మాయి, ముందు చాయ్ తాగు," అంది ఓయ్‌దిన్ అవ్వ, దారం తెంపకుండానే. "మా హౌజు నీళ్ళతో కాచింది. ఆరోగ్యానికి మంచిది."

మఫ్తూహా పళ్ళు బిగబట్టి చాయ్ పియాలా అందుకుంది, కానీ తాగకుండా పక్కన పెట్టింది. "ఖోల్మత్ గారూ, వచ్చే సంత రోజు వరకు చూస్తాను. అప్పటికి ఈ కాలువ ఇలాగే పారుచుంటే ఈ కుళాయి మూసివేసి, గొట్టములు జీనులవాడకు తరలిస్తాను. మీ భార్య కాలు గురించి నాకు గుర్తుంది. ఆసుపత్రి నిండా కాళ్ళే ఉన్నాయి."

ఖోల్మత్‌కు తెలిసిన దారి ఒకటే, సరుకును జనం నోటికి అలవాటు చేయడం. మర్నాడు కుళాయి నీళ్ళే సమోవారులో పోశాడు. పోసి, నిజాయితీగా ఆ మాట చెప్పాడు కూడా. అదీ పొరపాటు. కంచరులు ఒక గుక్క తాగి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఇనుప వాసన," అన్నాడొకడు.

"రోజంతా రాగి కొట్టేవాడివి, నీకు ఇనుప వాసనెక్కడ తగిలిందిరా?" అన్నాడు ఖోల్మత్.

"అందుకేగా తెలిసింది. మా ముక్కుకు అలవాటు లేనిది అదొక్కటే."

మధ్యాహ్నానికి కూర్చునే తఖ్తుల మీద తివాచీలు తప్ప మనుషుల్లేరు. పాత స్నేహితులు కొందరు వచ్చి కూర్చున్నారు గానీ, రొట్టె తిని, చాయ్‌ను మల్బరీ మొదట్లో పారబోసి వెళ్ళారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అన్బర్ ద్రాక్ష పందిరి కింద కాలు చాపుకుని కూర్చుంది. చీలమండ దగ్గర ఎర్రగా ఉంది.

"మొదలైందా?" అన్నాడు.

"నేడో రేపో," అందామె. "మీ చాయ్ పారబోశారటగా. గోడ అవతల నుంచి వార్త మీకన్నా ముందు వచ్చింది."

"రుచి బాగానే ఉంది. వాళ్ళకే పొగరు."

"ఏమండీ, మీరు ఇన్నాళ్ళు వ్యాపారం చేశారు, ఆ మాత్రం తెలీదూ? వసంతంలో కొత్త నీళ్ళు వచ్చినప్పుడు ఏం చేస్తాం?"

ఖోల్మత్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ఏం చేస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. కాలువ పూడిక తీశాక వచ్చే మొదటి నీళ్ళు హౌజులో పండగానే, వాడ తిత్తివాడు ముందు రుచి చూస్తాడు. తర్వాత మొదటి తిత్తి తీసుకెళ్ళి వాడలో అందరికన్నా పెద్ద ఆడమనిషి ఇంట్లో పోస్తాడు. ఆమె తాగాకే మిగతా ఇళ్ళు. ఎందుకని ఎవరూ అడగరు. పెళ్ళిలో వధూవరులకు అద్దం ఎందుకు చూపిస్తారని ఎవరూ అడగనట్టే.

"మీ కుళాయి నీళ్ళు మొదట తాగిందెవరు? టై కట్టుకున్నాయన," అంది అన్బర్. "సఫరన్న చెయ్యి తగలని నీళ్ళు ఎవరింటికి వెళ్తాయి?"

మాట నిజమే. కానీ నీళ్ళు బాగున్నాయని సఫర్ చేత చెప్పించడమంటే, నీ పని అయిపోయిందని సఫర్ చేతే చెప్పించడం. ఖోల్మత్ రాత్రంతా దాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. ఎవరి దగ్గరైనా ఏదైనా అడగాలంటే ముందు చేతిలో ఏదో ఒకటి పెట్టుకుని వెళ్ళాలి. ఇంత పెద్దది అడిగేటప్పుడు అంత పెద్దదే పెట్టాలి.

పొద్దున్నే హౌజు మెట్ల మీద సఫర్ తిత్తి నింపుతున్నాడు. ఖోల్మత్ వెళ్ళి రెండు మెట్ల పైన కూర్చున్నాడు.

"ఒరే సఫర్, నిన్నొకటి అడగాలి."

"నువ్వు అడిగేముందు ఏదో ఇస్తావుగా. ముందు అది చూపించు."

"చాయ్‌ఖానాలో సగం నీది."

సఫర్ తిత్తి మూతి బిగించబోయి ఆగాడు. "సగం చాయ్‌ఖానా ఇస్తున్నావంటే, నువ్వడిగేది నా తలకాయ అయ్యుండాలి."

"కుళాయి నీళ్ళు రుచి చూసి, మొదటి తిత్తి ఓయ్‌దిన్ అవ్వ ఇంట్లో పొయ్యి."

"అన్నానా, తలకాయే." సఫర్ నవ్వాడు. నవ్వు గడ్డందాకా వచ్చి ఆగిపోయింది. "బాగుందన్నాననుకో. రేపటి నుంచి ఆడవాళ్ళు కడవ పట్టుకుని వీధిలోకి వచ్చి, వాళ్ళ నీళ్ళు వాళ్ళే పట్టుకుపోతారు. నేనేం చెయ్యను? తిత్తిలో గాలి నింపుకుని ఇల్లిల్లూ తిరగనా?"

"సగం చాయ్‌ఖానా అన్నానుగా."

"నీ చాయ్‌ఖానాలో నాకేం పనిరా? పియాలాలు కడగనా? వచ్చినవాళ్ళకు వంగి వంగి సలాములు చెయ్యనా? నేను వంగేది ఒక పక్కకే. వీపు తడిగా లేకపోతే నాకు నిద్ర కూడా పట్టదు."

"అబద్ధం చెప్పమనడం లేదు. రుచి చూడమంటున్నాను, అంతే."

"చూస్తే నిజం చెప్పాలి," అన్నాడు సఫర్. "అందుకే ఇన్నాళ్ళూ చూడలేదు."

తిత్తిని వీపు మీదికి ఎత్తుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పది అడుగులు వేసి వెనక్కి తిరిగి, "సగం ఇస్తానన్న మాట ఇంకెవరితోనూ అనకు. పుచ్చుకుంటారు," అన్నాడు.

సంతకు ముందురోజు మంగలి వచ్చాడు. అన్బర్ కాలి దగ్గర పురుగు తల బయటపడింది. మంగలి దాన్ని పుల్లకు చుట్టి ఊపిరి బిగబట్టి తిప్పుతున్నాడు. ఆమె పళ్ళ మధ్య చున్నీ కొంగు కరుచుకుని పందిరి స్తంభాన్ని పట్టుకుంది. ఖోల్మత్ ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాడు, పుల్ల వంక చూడలేక పందిరి మీది పచ్చి ద్రాక్షల వంక చూస్తూ.

వీధి గుమ్మంలో, "నీళ్ళూ, పక్కకి జరగండి," అని కేక వినపడింది. ఆడవాళ్ళు లోపలికి తప్పుకోవడానికి తిత్తివాళ్ళు వేసే కేక అది. తప్పుకోవడానికి అన్బర్ కదలలేదు. సఫర్ తిత్తితో లోపలికి వచ్చేసి, చూసి, గోడ వైపుకి తిరిగాడు.

"అలాగే ఉండు సఫరన్నా," అంది అన్బర్, కొంగు నోట్లోంచి తీసి. "నీకు ఇవి చూస్తే కళ్ళు తిరుగుతాయి."

"వదినా, ఈ ఏడు కూడా వచ్చిందా?"

"రాకుండా ఎప్పుడుంది? పండగలా వస్తుంది."

మంగలికి పని చేస్తూ మాట్లాడే అలవాటు. "ఇంజనీరమ్మ ఏమందో విన్నావా సఫర్? నీళ్ళల్లో కంటికి ఆనని నలుసు ఒకటి ఉంటుందట. తాగితే కడుపులోకి పోయి, ఏడాది తిరిగేసరికి ఇంత పొడుగు అవుతుందట. పురుగున్న కాలితో మెట్లు దిగినవాడు మళ్ళీ దాన్ని హౌజులోనే వదుల్తాడట. ఇవన్నీ వీళ్ళకెవరు చెప్తారో."



"ఏదో అంటుందిలే," అంది అన్బర్ తొందరగా. "అన్నా, బరువు మోస్తూ నిలబడ్డావేం? బానలో పొయ్యి."

సఫర్ బాన దగ్గరికి వెళ్ళాడు. తిత్తి మూతి మీద చెయ్యి పెట్టాడు. పెట్టినవాడు అలాగే ఉండిపోయి, తర్వాత మూతి విప్పకుండానే వెనక్కి తిరిగి గుమ్మం దాటాడు. ఖోల్మత్ లేచి వెనకే వెళ్ళాడు.

వీధి చివర మల్బరీ చెట్టు మొదట్లో సఫర్ తిత్తి మూతి వదిలేశాడు. నీళ్ళన్నీ నేల తాగేసేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"వదిన కాపురానికి వచ్చిన రోజు మొదటి బాన నేనే నింపాను," అన్నాడు. "అప్పటి నుంచి ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చినా తప్పలేదు."

ఇలాంటి చోట ఏం పెట్టాలో, ఏం పుచ్చుకోవాలో ఖోల్మత్‌కు తోచలేదు. ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఇదే అదను అని లోపల ఒక గొంతు అన్న మాట నిజం. ఇప్పుడా గొంతు నోరు మూసుకుంది.

"నువ్వు తెచ్చావు," అన్నాడు. "నేను కాచి వాడందరికీ పోశాను. అప్పుడప్పుడూ చాయ్ కూజాతో పాటు, కాచని చల్లటి నీళ్ళు రెండు గ్లాసులు అదనంగా ఇచ్చాను కూడా, వేసవి కదా అని. తప్పు పడితే ఇద్దరి మీదా సమానంగా పడుతుంది."

సఫర్ ఖాళీ తిత్తిని దులిపి భుజాన వేసుకున్నాడు. "సగం ఇస్తానంటే ఇదా నువ్విచ్చేది?" అన్నాడు. ఆ సాయంత్రం చాయ్ తాగడానికి రాలేదు.

సంత రోజు పొద్దున్నే ఇంజనీరమ్మ వచ్చింది, వెంట పారలతో కూలీలు. పిల్లకాలువ ఎప్పటిలాగే హౌజులోకి పారుతోంది. ఓయ్‌దిన్ అవ్వ ఎప్పటిలాగే దూది వడుకుతోంది. మఫ్తూహా ఖోల్మత్ వంక చూసింది. ఖోల్మత్ చూపు దించుకున్నాడు. సరుకు చేజారినప్పుడు కొనేవాడి ముఖం చూడకూడదని అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిడ వంగి స్తంభం మొదట్లో పానా తగిలించింది.

"అమ్మాయి, కొంచెం పక్కకి జరుగు," అన్నారెవరో.

సఫర్ వచ్చాడు. ఉప్పుతో రుద్ది కడిగిన తిత్తి, ఉతికిన తలపాగా. కోటు వీపు పొడిగా ఉంది. అతన్ని అలా చూసినవాడు ఆ వాడలో లేడు. రాగి రేకులు కొట్టేవాళ్ళు సుత్తులు ఆపి దుకాణాల్లోంచి బయటికి వచ్చారు.

సఫర్ దోసిలి పట్టి కుళాయి నీళ్ళు పట్టుకున్నాడు. నోట్లో పోసుకుని, ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు తిప్పి, కళ్ళు మూసుకుని మింగాడు. మళ్ళీ పట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఇంజనీరమ్మ కూడా పానా పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది.

"చప్పగా ఉన్నాయి," అన్నాడు.

జనంలో గుసగుస బయల్దేరింది. 

"మట్టి లేదు, ఆకు లేదు, కప్ప లేదు," అన్నాడు సఫర్. "మన నోటికి అవన్నీ అలవాటు. పండటమంటే మట్టి దిగడమేగా? దీంట్లో దిగడానికి ఏమీ లేదు. ఇవి పండే వచ్చాయి. అక్కరలేకుండా హౌజులో కలిపి పాడు చేసుకుంటున్నాం." తిత్తి భుజం మీంచి దించాడు. "నేను మోసిన వాటికన్నా మంచి నీళ్ళు."

తిత్తి నింపి వీపు మీదికి ఎత్తుకున్నాడు. ఎత్తుకుని ఓయ్‌దిన్ అవ్వ ముందు నిలబడ్డాడు.

"లే అవ్వా. ఇంటికి పద."

"ఇక్కడే పొయ్యరా, ఎదురుగానే ఉన్నాగా."

"మొదటి తిత్తి వీధిలో పోస్తారా? వయసు వచ్చింది, ఆ మాత్రం తెలీదూ?"

అవ్వ గొణుక్కుంటూ కదురు చుట్టేసి లేచింది. ఆమె ముందు, వెనక సఫర్, ఆ వెనక వాడంతా నడిచింది. పానా చేత్తో పట్టుకునే మఫ్తూహా కూడా నడిచింది, ఎందుకు నడుస్తోందో తెలియకుండానే. అవ్వ ఇంట్లో బానలోంచి పాత నీళ్ళు పారబోసి, సఫర్ కొత్తవి పోశాడు. అవ్వ పియాలా ముంచుకుని తాగింది. తీరిగ్గా, చివరి చుక్కదాకా తాగింది.

"వేడిగా ఉన్నాయి," అంది. "గొట్టం ఎండలో పెడితే వేడెక్కదూ? దానికి నీడ కట్టించు అమ్మాయి."

"కట్టిస్తాను," అంది మఫ్తూహా. "కానీ మీరు మర కట్టవలెను."

"వంతు ఉండగా ఎవరైనా కడతారా?"

"ఈ నీటికి వంతు లేదు అవ్వా. ఎప్పుడు కావాలన్నా మీదే."

ఓయ్‌దిన్ అవ్వ ఆ మాటను మనసులో నెమరేసుకుంది. "ఎప్పుడూ మనదే అయితే, మరి పట్టి పెట్టుకోవడమెందుకు?"

"అదే కదా వచ్చిన రోజు నుంచి నేను..." అంటూ మఫ్తూహా చేతిలోని పానా కింద పెట్టేసింది. అవ్వ పియాలా మళ్ళీ ముంచి ఆమె చేతిలో పెట్టింది. ఈసారి ఆవిడ తాగింది.

మధ్యాహ్నానికి పిల్లకాలువ పూడ్చేశారు. మర కట్టింది సఫరే. కట్టాక ఒక చుక్క జారబోతే వేలితో ఆపి చూశాడు.

కాలువ నీళ్ళు వదలడం మానేశాక హౌజు ఎండటానికి వేసవంతా పట్టింది. అడుగున పగిలిన కూజాలు, ఒక వెండి గాజు, ఖోల్మత్ వాళ్ళ నాన్న పోగొట్టుకుని ఏళ్ళ తరబడి నౌకరును తిట్టిన కూజా మూత దొరికాయి. కుళాయికి కాపలా కావాలని ఇంజనీరమ్మ అడిగితే వాడంతా ఒకే పేరు చెప్పింది. సఫర్ ఇప్పుడు రెల్లు చాపల పందిరి నీడన కూర్చుని, మర సరిగ్గా కట్టనివాళ్ళను వాళ్ళ తాతల పేర్లతో సహా దులిపేస్తాడు. ఆడవాళ్ళు అతనితో పోట్లాడటానికే రెండోసారి కడవ తెస్తారని అన్బర్ అంటుంది. మరుసటి వేసవిలో ఆమె కాలికి ఒక పురుగు వచ్చింది, మంగలి భద్రంగా తీశాడు. ఆ పై వేసవి మంగలి ఊరికే వచ్చి, ద్రాక్షలు తిని వెళ్ళాడు.

ఆ ఏడు కొత్త గొట్టాలు వచ్చాయి. మఫ్తూహా చాయ్‌ఖానాకు వచ్చి, "మీ సమోవారు పక్కకే ఒక కుళాయి వేయిస్తాను," అంది. ఇప్పుడు ఆవిడ మాట సగం ఈ ఊరిది అయింది.

"వద్దమ్మా."

"ఎందుకు? కుళాయి ఎదురుగానే ఉంది, అయినా రోజూ సఫర్ గారి చేత నీళ్ళు మోయిస్తున్నారట. వీధి దాటించడానికి మనిషి! దీంట్లో మీకేం లాభం?"

ఖోల్మత్ చాలా సేపు వెతికాడు. అతను ఏ ప్రశ్నకూ అంతసేపు వెతికింది లేదు.

"లాభమేం లేదు," అన్నాడు.

అప్పటికే సఫర్ ఎదుటి కుళాయి దగ్గర తిత్తి మూతి బిగించి, ఒక పక్కకు వంగి, వీధి దాటి వస్తున్నాడు. కోటు వీపు నల్లగా తడిసింది. దారిలో ఒక్క మనిషి కూడా లేడు. అయినా గుమ్మం దగ్గరికి రాగానే గొంతెత్తి కేక వేశాడు.

"నీళ్ళూ, పక్కకి జరగండి."

ఖోల్మత్ సమోవారు మూత తీసి పట్టుకున్నాడు.